ఒడి చాలని వేగం

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠ్యభాగం వైజ్ఞానిక వ్యాసం. కారులో ప్రయాణించే పసిపిల్లలకు ప్రత్యేకమైన ఆసనం ఎందుకు అవసరమో, దానిని ఏ విధంగా అమర్చి వాడాలో ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదు నగరానికి పడమట ఉన్న నానక్‌రామ్‌గూడ ఈ వ్యాసానికి నేపథ్యం. తరతరాలుగా వచ్చిన ఆత్మీయతకు, విజ్ఞానశాస్త్రం నేర్పిన జాగ్రత్తకు మధ్య నేటి ఇళ్లలో కలుగుతున్న చిన్న సంఘర్షణను పరిశీలించి, ఆ రెంటికీ వైరం లేదని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి జీవితంలో ఒడికి ఉన్న స్థానం ఉన్నతమైనది. బిడ్డకు తల్లి ఒడి తొలి పాన్పు, తొలి పీట, తొలి బడి. తండ్రి తొడపై కూర్చోవాలన్న చిన్న కోరిక తీరక, సవతితల్లి సురుచి పలికిన మాటలకు నొచ్చుకొని అడవికి వెళ్లిన ధ్రువుని కథ భాగవతం చతుర్థ స్కంధంలో ఉంది. ఆ బాలుడు మొదట కోరినది రాజ్యం కాదు, తండ్రి అంకపీఠం. అన్నప్రాశన, చెవులు కుట్టడం, అక్షరాభ్యాసం వంటి వేడుకలు నేటికీ బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొనే జరుగుతాయి. ఎడ్లబండిలో తిరునాళ్లకు వెళ్లినా, రైలులో పుట్టింటికి వెళ్లినా పసిబిడ్డ ప్రయాణమంతా ఒడిలోనే సాగేది. ఎద్దుల నడకకు ఆ ఒడి చాలింది. కారు వేగానికి కూడా అది చాలుతుందా అన్నదే నేడు ఆలోచించవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న బలంగా ఎదురయ్యే ప్రదేశాలలో నానక్‌రామ్‌గూడ ఒకటి. శేరిలింగంపల్లి మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు చిన్న గ్రామం. రంగబాగులోని శ్రీరంగనాథస్వామి ఆలయం, చుట్టూ బండరాళ్ల గుట్టలు, మెట్ట భూములు దాని పాత రూపానికి గుర్తులు. సమాచార సాంకేతిక రంగం మాదాపూరు నుండి గచ్చిబౌలికి, అక్కడి నుండి మరింత పడమటికి విస్తరించడంతో ఊరి రూపురేఖలు మారిపోయాయి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వెలసింది. గుట్టల స్థానంలో గాజు భవనాలు, ముప్పై నలభై అంతస్తుల గృహసముదాయాలు లేచాయి. నగరాన్ని 158 కిలోమీటర్ల పొడవున చుట్టివచ్చే బాహ్యవలయ రహదారి ఈ ఊరిని ఆనుకొనే సాగుతుంది. గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు గల దాని తొలి భాగం 2008లో ప్రారంభమైంది. ఆ రహదారి లోపలి వరుసలలో గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 120 కిలోమీటర్లుగా నిర్ణయించారు. ఒక తరం కిందట సైకిలు వేగానికి అలవాటుపడిన ఊరి వాకిట ఇప్పుడు ఈ వేగం నిలిచి ఉంది.

ఇటువంటి చోట ఏ ఆదివారం ఉదయమైనా ఎదురుకాగల ఒక సన్నివేశాన్ని ఊహించుకోవచ్చు. ఒక యువ దంపతులు కొన్నేళ్లు అమెరికాలోని డల్లాసులో ఉద్యోగం చేసి, పది నెలల పాపతో తిరిగివచ్చి నానక్‌రామ్‌గూడలో కాపురం పెట్టారు. మనుమరాలిని చూడడానికి ఖమ్మం నుండి అమ్మమ్మ వచ్చింది. వనస్థలిపురంలో బంధువుల ఇంట గృహప్రవేశం. కారు వెనుక సీటులో పాప కోసం అమర్చిన ఆసనాన్ని, దానికి వేలాడుతున్న పట్టీలను చూసి అమ్మమ్మ మనసు చివుక్కుమన్నది.

“పసిదానికి సంకెళ్లు వేసినట్లు ఆ పట్టీలు ఎందుకమ్మా? నా ఒళ్లో పెట్టు, నేను పట్టుకుంటాను” అన్నది.

“నువ్వు పట్టుకోలేవని కాదమ్మా. ఎవరూ పట్టుకోలేరు” అన్నది కూతురు.

“నిన్ను పెంచింది నేను కాదా? బస్సులో భద్రాచలం వెళ్లిన ప్రతిసారీ నా ఒళ్లోనే కదా నిద్రపోయావు!”

ఇంతలో పాప ఏడుపు అందుకున్నది. అత్తగారి మాట కాదనలేక అల్లుడు, “ఈ ఒక్కరోజుకు పోనీలే, అత్తయ్య సంతోషిస్తారు” అన్నాడు. కూతురు చేయి బకిలు మీదనే ఆగిపోయింది.

ఈ సన్నివేశంలో దోషులెవరూ లేరు. అమ్మమ్మది ప్రేమ, కూతురిదీ ప్రేమే. అయితే ఇక్కడ తేలవలసింది ప్రేమ ఎంత ఉన్నదని కాదు, చేతులకు ఎంత బలం ఉన్నదని. దానికి సమాధానం ఇంటర్మీడియట్ విద్యార్థి భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో వెళ్తున్న కారు దేనినైనా ఢీకొని ఆగినప్పుడు నిజానికి ఆగేది కారు మాత్రమే. న్యూటన్ తొలి గమన నియమం ప్రకారం, లోపల ఉన్నవారు తమను ఏదైనా ఆపేవరకు అదే వేగంతో ముందుకు సాగుతూనే ఉంటారు. సెకనులో పదోవంతు కాలంలో ఆ వేగం సున్న అయిందనుకుంటే, పది కిలోల బిడ్డను నిలిపి ఉంచడానికి దాదాపు 1,400 న్యూటన్ల బలం కావాలి. అంటే ఆ క్షణంలో అమ్మమ్మ చేతుల మీద పడే భారం పది కిలోలు కాదు, సుమారు 140 కిలోలు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు అయిదింటికి మించిన ఆ భారాన్ని, ముందుగా ఏ హెచ్చరికా లేకుండా, రెప్పపాటులో పట్టి ఆపగల మల్లుడు లోకంలో లేడు. గట్టిగా పట్టుకోవాలన్న ఆలోచన పుట్టే లోపలే అంతా ముగిసిపోతుంది.

ఈ విషయాన్ని మరొక విధంగా కూడా గ్రహించవచ్చు. దాదాపు పది మీటర్ల ఎత్తు నుండి, అంటే మూడంతస్తుల మీద నుండి పడిన వస్తువు నేలను తాకే వేగం గంటకు 50 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం సుమారు నలభై మీటర్ల ఎత్తుతో సమానం. అది పన్నెండు, పదమూడు అంతస్తుల ఎత్తు. నానక్‌రామ్‌గూడ గృహసముదాయాలలో పసిపిల్లలున్న ఇంటివారు బాల్కనీకి పిట్టగోడ ఉన్నా దానిపైన వలలు, ఇనుప చట్రాలు బిగించుకొంటారు. పన్నెండో అంతస్తులో అడ్డులేని బాల్కనీ అంచున బిడ్డను కూర్చోబెట్టి, “ఫరవాలేదు, నేను పట్టుకున్నాను” అనే తల్లి ఎక్కడా ఉండదు. బాహ్యవలయ రహదారి మీద కారులో బిడ్డను ఒడిలో పెట్టుకొన్నవారు తెలియకుండానే ఆ అంచున కూర్చుంటున్నారు. ఎత్తు కంటికి కనిపిస్తుంది కనుక భయం కలుగుతుంది. వేగం కంటికి కనిపించదు. చల్లని గాలి, మెత్తని సీటు, సన్నని సంగీతం దానిని కప్పివేస్తాయి.

ఒడిలో బిడ్డ ఉండగా పెద్దవారు బెల్టు ధరించకపోతే, ప్రమాద సమయంలో వారి శరీరభారమంతా బిడ్డపైనే పడుతుంది. ఒకే బెల్టును ఇద్దరి చుట్టూ చుట్టుకొన్నా అంతే. బెల్టుకు, పెద్దవారి శరీరానికి మధ్య బిడ్డ నలిగిపోతుంది. కాపాడవలసిన ఒడియే ఆ క్షణంలో అపాయమవుతుంది.

పసిబిడ్డ శరీర నిర్మాణం ఈ అపాయాన్ని మరింత పెంచుతుంది. బిడ్డ అంటే చిన్న ఆకారంలో ఉన్న పెద్దమనిషి కాదు. అప్పుడే పుట్టిన శిశువు పొడవులో తల సుమారు నాలుగోవంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఏడు, ఎనిమిదో వంతు మాత్రమే. అంత బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. వాటిని కలిపి ఉంచే స్నాయువులు సాగే గుణం కలిగి ఉంటాయి. ముందుకు చూస్తూ కూర్చున్న శిశువు ప్రమాదంలో పట్టీల వల్ల ఆగినా, తల మాత్రం ముందుకు విసరబడి మెడపై అత్యంత తీవ్రమైన ఒత్తిడి కలుగుతుంది. అదే శిశువు కారు వెనుక అద్దం వైపు ముఖం పెట్టి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ ఒక్కసారిగా ఆసనానికి ఆనుతాయి. దెబ్బ ఒక్కచోట పడక వీపంతటా పరచుకొంటుంది.

ఈ రహస్యాన్ని మానవుడు ఆలస్యంగా గుర్తించాడు. కార్లలో నేడు కనిపించే మూడు బిందువుల సీటు బెల్టును 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించాడు. ప్రాణాలు కాపాడే ఆ నిర్మాణాన్ని ఇతర సంస్థలు కూడా ఉచితంగా వాడుకోవడానికి వోల్వో అంగీకరించింది. కాని ఆ బెల్టు పెద్దవారి భుజానికి, నడుముకు సరిపడేది. 1960వ దశకంలో అదే దేశానికి చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ దృష్టి వ్యోమగాముల ఆసనాలపై పడింది. వ్యోమనౌక నింగికి ఎగసేటప్పుడు కలిగే తీవ్రమైన ఒత్తిడి వీపంతటా సమంగా పరచుకొనేలా వారు వెల్లకిలగా ఆనుకొని ఉంటారు. పసిపిల్లలకు కూడా ఈ విధానమే తగినదని భావించి, వెనుకకు చూసే శిశు ఆసనాన్ని ఆయన రూపొందించాడు.

శాస్త్రం కనుగొన్నదానిని సమాజం అంగీకరించడానికి మరికొంత కాలం పట్టింది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు కారులో పసిపిల్లలకు రక్షణ ఆసనం తప్పనిసరి కావాలని పట్టుబట్టాడు. ఆయన కృషి వల్ల ఆ దేశంలోనే తొలిసారిగా ఇటువంటి శాసనం 1977లో ఆమోదం పొంది, 1978 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అయితే ఆ శాసనంలో ఒక మినహాయింపు చేరింది. బిడ్డను పెద్దవారు చేతులలో పట్టుకొని కూర్చుంటే ఆసనం అవసరం లేదన్నదే ఆ మినహాయింపు. నానక్‌రామ్‌గూడ అమ్మమ్మ మాట సముద్రాల ఆవల టెనెసీ శాసనసభలో కూడా వినిపించిందన్నమాట. బిడ్డను నలిపివేసే సవరణ అని దానికి పేరు వచ్చింది. 1981లో దానిని తొలగించారు. 1985 నాటికి అమెరికాలోని రాష్ట్రాలన్నీ శిశు ఆసనాలపై శాసనాలు చేశాయి. సక్రమంగా వాడిన ఆసనం కారు ప్రమాదాలలో ఏడాదిలోపు శిశువుల మరణావకాశాన్ని 71 శాతం, ఒకటి నుండి నాలుగేళ్ల పిల్లల మరణావకాశాన్ని 54 శాతం తగ్గిస్తుందని ఆ దేశపు రహదారి భద్రతా విభాగం లెక్కగట్టింది.

హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో బేగంపేట నుండి నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారింది. కూతురి పురుటికో, మనుమల సంరక్షణకో ప్రయాణం కట్టే తెలుగు తల్లిదండ్రులు వీసా కోసం ఇక్కడికే వస్తారు. ఆ దేశంలో దిగిన నాటి నుండి వారు మనుమలను ఆసనంలోనే కూర్చోబెడతారు. అక్కడ ఆసుపత్రి నుండి శిశువును ఇంటికి తెచ్చేటప్పుడే కారులో తగిన ఆసనం ఉన్నదో లేదో అడగడం పరిపాటి. అదే కుటుంబం శంషాబాదు విమానాశ్రయంలో దిగి కారు ఎక్కగానే బిడ్డ మళ్లీ ఒడిలోకి చేరుతుంది. దేశం మారినంత మాత్రాన బిడ్డ మెడ గట్టిపడదు. భౌతికశాస్త్ర నియమాలకు వీసా అక్కరలేదు.

మన దేశంలో కూడా ఈ విషయమై చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194-బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్లలోపు పిల్లలను సీటు బెల్టుతో గాని, పిల్లల రక్షణ ఆసనంతో గాని భద్రపరచకుండా వాహనం నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జరిమానా విధించవచ్చు. ఈ సెక్షను 2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లలను పోలిన బొమ్మలను ఆసనాలలో ఉంచి కార్లను ఢీకొట్టించి చూస్తారు. పిల్లల రక్షణకు వేరుగా నక్షత్రాలు కేటాయిస్తారు. కారు కొనేవారు రంగుతో పాటు ఆ నక్షత్రాలను కూడా చూడడం మంచిది. ఇన్ని ఉన్నా అలవాటు ఇంకా బలపడలేదు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో సీటు బెల్టు ధరించకపోవడం వల్ల దేశంలో 16,715 మంది మరణించారు. వారిలో 8,331 మంది డ్రైవర్లు కారు, ప్రయాణికులు. పెద్దలే బెల్టు ధరించని కారులో పిల్లల ఆసనానికి చోటు దొరకడం కష్టం.

ఆసనం కొన్నంత మాత్రాన రక్షణ సమకూరదు. దానిని వాడే పద్ధతి తెలియాలి. మొదటిది, బిడ్డ ఎదుగుదలకు తగిన ఆసనాన్ని ఎన్నుకోవడం. పుట్టిన నాటి నుండి వెనుకకు చూసే ఆసనాన్నే వాడాలి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2013లో అమలులోకి వచ్చిన 129వ నిబంధన కనీసం పదిహేను నెలల వయసు వరకు దీనిని తప్పనిసరి చేసింది. ఆసనం అనుమతించే ఎత్తు, బరువు దాటేవరకు వీలైనంత ఎక్కువ కాలం వెనుకకు చూసేలానే కూర్చోబెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో సూచించింది. కాళ్లు సీటుకు తగులుతున్నాయని తొందరపడి ముందుకు తిప్పకూడదు. పిల్లలు కాళ్లు మడిచి హాయిగా కూర్చోగలరు. ఆ తరువాత అయిదు పట్టీలు గల, ముందుకు చూసే ఆసనాన్ని వాడాలి. అది కూడా చిన్నదైనప్పుడు బూస్టరు సీటు వాడాలి. ఇది పీట వలె బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టి, కారు బెల్టు సరైన చోట పడేటట్లు చేస్తుంది. బెల్టు కింది భాగం పొట్టపై కాక తొడల మొదట తుంటి ఎముకపైన, పై భాగం మెడపై కాక భుజం మధ్యన ఉండాలి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేవరకు పిల్లలకు ఈ పీట అవసరమే.

రెండవది, ఆసనాన్ని కారుకు బిగించడం. అనేక కార్లలో వెనుక సీటు మడతలో ఐసోఫిక్స్ అనే రెండు ఇనుప కొక్కేలుంటాయి. ఆసనం చేతులు వాటిలో ‘టక్’మని పడాలి. అవి లేని కారులో సీటు బెల్టును, సూచనల పుస్తకంలో చూపిన దారి వెంట మాత్రమే పోనిచ్చి బిగించాలి. తరువాత బెల్టు వెళ్లే చోట ఆసనాన్ని పట్టుకొని కదిపి చూడాలి. అంగుళానికి మించి కదిలితే మళ్లీ బిగించాలి. విదేశం నుండి తెచ్చిన ఆసనమైతే అది ఇక్కడి కారుకు సరిగా అమరుతున్నదో లేదో ముందే చూసుకోవాలి. ఆసనాన్ని వెనుక సీటులోనే ఉంచాలి. ముందు సీటులోని ఎయిర్‌బ్యాగు రెప్పపాటులో విచ్చుకొని, వెనుకకు చూసే ఆసనాన్ని బలంగా తన్నుతుంది. పెద్దవారిని కాపాడే ఆ సాధనమే శిశువుకు ప్రాణాంతకం కాగలదు.

మూడవది, బిడ్డను ఆసనానికి బిగించడం. వెనుకకు చూసే ఆసనంలో పట్టీలు భుజాల ఎత్తున గాని, కొంచెం దిగువన గాని మొదలుకావాలి. ముందుకు చూసే ఆసనంలో భుజాల ఎత్తున గాని, కొంచెం ఎగువన గాని మొదలుకావాలి. భుజం వద్ద పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూసినప్పుడు మడత చేతికి చిక్కకూడదు. చిక్కిందంటే పట్టీ వదులుగా ఉన్నట్లే. మందపాటి స్వెట్టరు, శాలువ వంటివి పట్టీల కింద ఉండకూడదు. చలి అనిపిస్తే పట్టీలు బిగించాక పైన కప్పవచ్చు. హైదరాబాదు ఎండలలో బకిలు వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది కనుక ముందుగా తాకి చూడాలి. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. కనుక నిద్రపోతున్నాడని బిడ్డను కారులో ఒంటరిగా విడవడం ఎన్నడూ తగదు.

ఇక మిగిలినది ఏడుపు. ఆసనాలు అటకెక్కడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం. బిడ్డ ఏడిస్తే కారు కదులుతుండగానే పట్టీలు విప్పి ఒడిలోకి తీసుకోవడం సహజంగా జరిగే పొరపాటు. రహదారి దిగి, నీడపట్టున కారు ఆపి, పాలిచ్చి, ఆడించి, మళ్లీ కూర్చోబెట్టడమే సరైన మార్గం. దూర ప్రయాణాలలో రెండు గంటలకొకసారి ఇలా ఆగడం మంచిది. ‘దగ్గరే కదా’ అని ఒకరోజు, ‘ఈ ఒక్కసారికి’ అని మరొకరోజు మినహాయిస్తే బిడ్డకు ఆసనం ఎన్నటికీ అలవాటు కాదు. పుట్టిన నాటి నుండి కారంటే ఆసనమే అని ఎరిగిన బిడ్డ దానిని తన చోటుగా భావిస్తుంది.

పుట్టింటి ఉయ్యాల ఒక బిడ్డ తరువాత మరొక బిడ్డకు అందినట్లే ఆసనం కూడా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలకు అందవచ్చు. కొన్ని వేల రూపాయల ఖరీదు చేసే వస్తువు గనుక ఇది మేలైన పద్ధతి. అయితే ఒకసారి ప్రమాదానికి గురైన ఆసనాన్ని, గడువు తీరిన ఆసనాన్ని, ఎవరు ఎలా వాడారో తెలియని ఆసనాన్ని తీసుకోకూడదు.

నానక్‌రామ్‌గూడ గాజు భవనాలను కట్టినవారి పిల్లలకు కారు లేదు. వారు తండ్రి మోటారు సైకిలు మీద, షేరు ఆటోలో ప్రయాణిస్తారు. వారి ప్రాణాలూ అంతే విలువైనవి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించి, ఏడాది తరువాత అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, నాలుగేళ్లలోపు పిల్లలను ద్విచక్ర వాహనంపై తీసుకువెళ్లేటప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. బిడ్డను నడిపేవారికి కలిపి ఉంచే రక్షణ పట్టీ వాడాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు సరిపడే హెల్మెటు పెట్టాలి. ఆసనం కొనలేని ఇంటికి సైతం వేగం తగ్గించుకోవడం ఖర్చు లేని రక్షణ.

భాగవతం దశమ స్కంధంలో యశోద కృష్ణుని రోటికి కట్టిన ఘట్టం తెలుగువారికి సుపరిచితం. ఎన్ని తాళ్లు ముడివేసినా రెండంగుళాలు తక్కువయ్యాయి. చివరకు తల్లి అలసట చూసి ఆ బాలుడు కట్టుబడ్డాడు. ఆ కట్టు వల్లనే ఆయనకు దామోదరుడు అనే పేరు వచ్చింది. తల్లి బిడ్డను కట్టిందని యశోదను నిష్ఠురమాడినవారు లేరు. ఆ కట్టును వాత్సల్యానికి ప్రతీకగానే లోకం స్మరించింది. ఆ కథలో తాడు రెండంగుళాలు చాలలేదు. కారులో పట్టీ రెండంగుళాలు మిగలకూడదు.

నానక్‌రామ్‌గూడలోని ఆ కారు ఇంకా కదలలేదు. కూతురు తల్లి చేతిని పట్టుకొని పట్టీ మీద ఉంచింది. “గిల్లి చూడమ్మా, వదులుగా ఉందేమో” అన్నది. అమ్మమ్మ వంగి, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లింది. మడత చిక్కలేదు. “బాగానే ఉంది” అని, ఆసనం పక్కన కూర్చొని తన బెల్టు తాను పెట్టుకున్నది. పాప ఏడుపు మాని అమ్మమ్మ చూపుడువేలును గుప్పిట పట్టుకున్నది. ఒడి ఎక్కడికీ పోలేదు. వనస్థలిపురంలో కారు ఆగగానే అది బిడ్డ కోసం సిద్ధంగా ఉంటుంది. అంతవరకు బిడ్డను పదిలంగా చేర్చడమే ఆసనం పని.

కఠిన పదాలకు అర్థాలు

అంకపీఠం = ఒడి అనే ఆసనం
పాన్పు = పడక
బాహ్యవలయం = వెలుపలి చుట్టు
మల్లుడు = బలశాలి, కుస్తీ చేసేవాడు
స్నాయువులు = ఎముకలను కలిపి ఉంచే నారల వంటి కణజాలం
వ్యోమగామి = అంతరిక్షంలో ప్రయాణించేవాడు
పరిపాటి = వాడుక, ఆనవాయితీ
వాత్సల్యం = బిడ్డల యందు ప్రేమ

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కారు ప్రమాద సమయంలో ఒడి బిడ్డను ఎందుకు కాపాడలేదో పాఠం ఆధారంగా వివరించండి.
2. పిల్లల రక్షణ ఆసనాన్ని ఎన్నుకోవడంలోను, బిగించడంలోను తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. శిశువు వెనుకకు చూసేలా కూర్చోవడం వల్ల కలిగే మేలు ఏమిటి?
2. టెనెసీ శాసనంలోని మినహాయింపు ఏమిటి? దానిని ఎందుకు తొలగించి ఉంటారు?
3. బాల్కనీ పోలిక ద్వారా పాఠం ఏమి తెలియజేస్తున్నది?
4. కారు లేని కుటుంబాలు పిల్లల భద్రతకు ఏమి చేయవచ్చు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “నువ్వు పట్టుకోలేవని కాదమ్మా. ఎవరూ పట్టుకోలేరు.”
2. భౌతికశాస్త్ర నియమాలకు వీసా అక్కరలేదు.
3. కారులో పట్టీ రెండంగుళాలు మిగలకూడదు.

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మూడు బిందువుల సీటు బెల్టును రూపొందించినది ఎవరు?
2. పిల్లల రక్షణ గురించి తెలిపే మోటారు వాహనాల చట్టంలోని సెక్షను ఏది?
3. శిశు ఆసనాన్ని ముందు సీటులో ఎందుకు ఉంచకూడదు?

V. భాషాంశాలు
సంధులు:
దామోదరుడు = దామ + ఉదరుడు – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
మూడంతస్తులు = మూడు + అంతస్తులు – ఉకార సంధి

సమాసాలు:
అంకపీఠం = అంకమనెడి పీఠం – రూపక సమాసం
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
దామోదరుడు = దామము ఉదరమునందు కలవాడు – బహువ్రీహి సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ కళాశాల ద్వారం వద్ద ఒక ఉదయం అరగంట పాటు నిలబడి, దారిన వెళ్లే కార్లలో, ద్విచక్ర వాహనాలపై పసిపిల్లలను ఏ విధంగా తీసుకువెళ్తున్నారో పరిశీలించండి. మీరు గమనించిన విషయాలను, మీ సూచనలను ఒక పుట మించకుండా రాయండి.